తాడు బిగించే చేతులు

మాంగనీసు లోడు బరువు, గోగునార లోడు ఎత్తు. చీపురుపల్లి లారీ డ్రైవరు పనితనం తెలియాలంటే ఆయన ఈ రెండింటినీ బండిలోకి ఎలా సర్దిస్తాడో దగ్గర నిలబడి చూడాలి.

మా వైపు మాంగనీసు తవ్వకాలు 1890లలోనే మొదలయ్యాయి. పక్కనే గరివిడిలో ఫేకర్ అనే ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ 1950లలో వచ్చింది. ఆ రాయి ఎంత బరువంటే, తొట్టి సగం నిండకుండానే బండికి సరిపడా లోడు అయిపోతుంది. కొత్తవాడు చూసి ఇంకా చోటుంది కదా అంటాడు. పాతకాపు మాత్రం తొట్టి వైపు చూడడు, కమాన్ పట్టీల వైపు చూస్తాడు. వాటి వంపు ఎంత పోయిందో చూసి, కాటా ఎక్కకముందే బరువు అంచనా కట్టేస్తాడు. కుప్ప మరీ వెనక్కి పడితే ముందు చక్రాలు తేలి స్టీరింగు పట్టు తప్పుతుంది. పక్కకి పడితే మలుపులో బండి ఒరుగుతుంది. అందుకే రాయి పోస్తున్నంతసేపూ కిందే నిలబడి చేత్తో సైగ చేస్తూనే ఉంటాడు. 2018లో పది చక్రాల లారీ మొత్తం బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు. పెరిగిన ఆ మూడున్నర టన్నులూ బ్రేకు మీదున్న కాలికి తెలుస్తాయి.

గోగునార సంగతి వేరు. తేలిక సరుకు, కానీ కట్టలు క్యాబిన్ కంటే ఎత్తు లేస్తాయి. నెల్లిమర్ల జూట్ మిల్లు వైపు వెళ్లే బండికి ఓ పెద్దాయన టార్పాలిన్ కప్పుతుంటే నేను గంటసేపు కదల్లేదు. వెనకది ముందు పరిచాడు, ముందుది దాని మీదికి వచ్చేలా తరవాత పరిచాడు. ఇంటి కప్పున పై పెంకు కింది పెంకు మీదికి వచ్చినట్టే.

"తిరగేసి కప్పితే గాలి దూరిపోద్ది బాబూ" అన్నాడు.

ఆ తరవాత తాడు. కట్టల మీంచి ఇవతలికి విసిరిన తాడు నడుమ ఓ మెలి తిప్పి కన్ను చేశాడు. తాడు కొసను తొట్టి కింది కొక్కేనికి తగిలించి, ఆ కన్నులోంచి తీసి, పాదం చక్రానికి తన్నిపట్టి ఒంటి బరువంతా వేసి లాగాడు. ఆ కన్ను కప్పీలా పనిచేస్తుంది. ఒక్క మనిషి లాగుడుకి రెండు మూడింతల బిగువు వస్తుంది. రాత్రంతా కుదుపులు తిన్నా జారని ఆ ముడి, పొద్దున కొస పట్టి గుంజితే ఊడి వస్తుంది.

ఈ గంట పనికి కూలి లేదు. మా దగ్గర డ్రైవరు బతుకు నెలజీతం, ట్రిప్పు బత్తా. చక్రం తిరిగితేనే బత్తా. కాటా దగ్గర లైన్లో నిలిచిన పూట, మిల్లు గేటు బయట పడుకున్న రాత్రి ఏ లెక్కలోకీ రావు. 2025 దాకా అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు, మించితే రెట్టింపు కూలి అని రాసింది. కానీ అది అయిదుగురు, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకే వర్తించేది. ఒకటి రెండు లారీల యజమాని దగ్గర చేసేవాడి గడప అది తొక్కలేదు. ఇంత నేర్పున్న మనిషికి నిద్ర గంటలు లెక్క కట్టి ఇవ్వకపోవడం నన్ను చాలా బాధపెడుతుంది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే సరుకు లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మంచి పని. మా రోడ్ల మీద తిరిగేవి మాత్రం ఎక్కువగా పాత బళ్లే. వైశాఖంలో ఇంజను వేడి నేరుగా కాళ్లకే తగులుతుంది.

లోడు కదిలాక ఇరవై కిలోమీటర్లలో సరుకు సర్దుకుంటుంది, తాడు వదులవుతుంది. ఆ గోగునార పెద్దాయన కూడా దారిలో బండి ఆపి మళ్లీ బిగించాడు. తరవాత ఇనపరాడ్డు తీసి టైర్లన్నీ ఒక్కొక్కటే కొట్టుకుంటూ వచ్చాడు. వెనక జంట టైర్లలో లోపలిది గాలి పోయినా కంటికి తెలియదు, బయటిది మోసేస్తుంది. చెవికి తెలుస్తుంది. గాలి నిండిన టైరు టంగుమంటుంది. ఎడమవైపు లోపలి టైరు దబ్బుమంది. ఆయన మళ్లీ కొట్టి, తల వంచి విని, జాకీ కోసం క్యాబిన్ వైపు నడిచాడు.