వంద కౌంట్ కంటే ముప్పై కౌంట్ పెద్దది

మొబైల్ యాప్‌కు ఇంటర్‌ఫేస్ అంటే తెర, దాని మీది అక్షరాలు, బటన్లు, నింపాల్సిన గడులు, అవి ఒకదాని వెనుక ఒకటి వచ్చే వరుస. రంగులూ బొమ్మలూ ఇందులో కొంత భాగమే. ప్రశ్నను ఎవరి లెక్కలో అడగాలి, ఫోన్ ఎవరి చేతిలో ఉందనుకోవాలి, తప్పు నొక్కితే నష్టం ఎవరికి అన్నవి అంతకంటే కష్టమైన సంగతులు. గోదావరి డెల్టాలో ఇవన్నీ ఒక్కచోటే ఎదురవుతాయి. భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టూ రొయ్యల చెరువులు, కాలువల కింద రెండు పంటల వరి, కోనసీమ కొబ్బరి, కడియం నర్సరీలు. వీటిలో ఏ వ్యాపారమైనా ఇప్పుడు ఏదో ఒక దశలో ఫోన్ తెర దాటి రావాల్సిందే.

ముందు తెర సంగతి. యాప్‌ను తయారుచేసేది ఏసీ గదిలో, వాడేది చెరువు గట్టు మీద. లేత బూడిద రంగు అక్షరాలు ఆఫీసులో ముచ్చటగా ఉంటాయి, మిట్టమధ్యాహ్నం ఎండలో అసలే కనిపించవు. అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. గట్టు మీద అదీ చాలదు, తెలుపు మీద నలుపే మేలు. బటన్ కొలత 44 పాయింట్లకు తగ్గొద్దని ఆపిల్, 48 డీపీలకు తగ్గొద్దని గూగుల్ తమ మార్గదర్శకాల్లో రాసుకున్నాయి. రెండోది సుమారు 9 మిల్లీమీటర్లు. అది పొడి వేలికి సరిపడే కొలత. చెరువులో మేత చూసుకునే పళ్లెం, అంటే చెక్ ట్రే ఎత్తి, మిగిలిన మేత చూసి, అదే చేత్తో ఫోన్ పట్టుకునే మనిషి వేలు తడిగా ఉంటుంది. ఇప్పటి తెరలు వేలిలోని విద్యుత్ గుణాన్ని బట్టి పనిచేస్తాయి కాబట్టి, తెర మీద పడ్డ నీటి బొట్టును కూడా వేలనుకునే ప్రమాదం ఉంది. అందుకే గట్టు మీద వాడే యాప్‌లో పక్కపక్కనే రెండు బటన్లు పెట్టకూడదు. ముఖ్యంగా ‘సేవ్’ పక్కన ‘డిలీట్’ ఉండనే కూడదు.

తరువాతది లిపి. తెలుగు అక్షరం నిలువునా చోటు అడుగుతుంది: పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద మరో ఒత్తు. ఇంగ్లీషు వరుసల ఎత్తుకు కట్టిన గడిలో ‘రాష్ట్రం’ అని రాస్తే కింది రకారం సగానికి తెగుతుంది. డెవలపర్లు దీన్ని ఫాంట్ దోషమనుకుంటారు గానీ చాలాసార్లు తప్పు గడి ఎత్తుదే. వరుసల మధ్య ఎడం పెంచితే చక్కబడే చిన్న పని ఇది. అయినా ఇంకా తెగిన ఒత్తులతోనే యాప్‌లు విడుదలవుతున్నాయంటే, వదిలే ముందు తెలుగులో చదివి చూసినవారు లేరనుకోవాలి. పెద్ద కంపెనీలూ దీనికి అతీతం కాదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌లో, కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసిన ‘జ్ఞా’ అక్షరం సందేశంగా వస్తే యాప్ మూతపడిపోయేది. ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిదిద్దింది.

లిపి కంటే ఎక్కువ చిక్కు పేర్లది. ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ అనే రెండు గడులు పడమటి దేశాల అలవాటు. డెల్టాలో ఇంటిపేరు ముందు వస్తుంది. పట్టాదారు పాసు పుస్తకంలో పూర్తిగా ఉండే ఆ ఇంటిపేరు ఆధార్‌లో ఒక్క అక్షరానికి కుదించుకుపోయి ఉండవచ్చు, బ్యాంకు ఖాతాలో చివరికి చేరి ఉండవచ్చు. దీనికి తోడు లక్ష్మిని ఇంగ్లీషులో రాయడానికి మూడు నాలుగు దారులున్నాయి. అక్షరం అక్షరం సరిపోలితేనే ముందుకు పోనిచ్చే యాప్ ఇక్కడ అసలు రైతునే వెనక్కి పంపుతుంది. పేరంతటికీ ఒకే గడి పెట్టి, సరిపోలికను కొంచెం సడలించి, అనుమానం వస్తే మనిషి చూసి తేల్చే వీలు ఉంచడం ఒక్కటే దీనికి దారి.

ఊర్ల జాబితాలూ ఇంతే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక కొవ్వూరు, నిడదవోలు గోదావరికి పడమటి గట్టున ఉండి కూడా తూర్పు గోదావరి జిల్లాలోకి వచ్చాయి. పశ్చిమ గోదావరి కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి, తూర్పు గోదావరి కేంద్రం కాకినాడ నుంచి రాజమహేంద్రవరానికి మారాయి. పిన్ కోడ్ కొట్టగానే జిల్లా దానంతటదే నిండే యాప్‌లో పాత పట్టిక ఉంటే కొవ్వూరు మనిషి తప్పు జిల్లాలో పడతాడు. అమలాపురం మనిషి తన జిల్లాను ఇంగ్లీషు వరుసలో ‘కె’ కింద వెతుకుతాడు. జిల్లా పూర్తి పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ కాబట్టి అది ‘డి’ కింద దొరుకుతుంది. జాబితాలో వెతికే గడి ఉండి, అందులో కోనసీమ అని కొట్టినా, అమలాపురం అని కొట్టినా అదే జిల్లా రావాలి.

ఇక అంకెలు. అసలు పరీక్ష ఇక్కడే. రొయ్యల ధర కౌంట్ మీద నడుస్తుంది. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. వంద కౌంట్ రొయ్య ఒక్కొక్కటి పది గ్రాములు, ముప్పై కౌంట్ రొయ్య సుమారు 33 గ్రాములు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధరా పెద్దదే. ఈ సంగతి ఎరగని డిజైనర్ ఎడమ నుంచి కుడికి పెరిగే స్లైడర్ పెట్టి, ఒక చివర ‘చిన్న’, మరో చివర ‘పెద్ద’ అని రాస్తాడు. రైతు చేయి ఎటు జరపాలో తెలియక ఆగిపోతుంది. గ్రాఫుల్లో ఇది ఇంకా విడ్డూరంగా కనిపిస్తుంది. అంకె తగ్గితే ఎర్ర బాణం, పెరిగితే పచ్చ బాణం చూపించడం సాఫ్ట్‌వేర్‌లో పాతుకుపోయిన అలవాటు. చెరువులో కౌంట్ 90 నుంచి 70కి వచ్చిందంటే రొయ్య బాగా ఎదిగిందన్నమాట. యాప్ మాత్రం ఎర్ర బాణం వేసి ప్రమాదం అంటుంది. కల్చర్, అంటే చెరువులోని సాగు, వయసును కూడా రైతు తేదీల్లో చెప్పడు, సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన నాటి నుంచి ఎన్నో రోజో చెబుతాడు. క్యాలెండర్ తెరిచి నెల, తేదీ ఎంచుకోమనే బదులు ‘62వ రోజు’ అని పైన పెద్దగా చూపిస్తే సగం ప్రశ్నలు అక్కర్లేదు.

వరిలోనూ ఇంతే. డెల్టా రైతుకు పంటలు సార్వా, దాళ్వా. ప్రభుత్వ తెరలకు అవి ఖరీఫ్, రబీ. రైతు దిగుబడి చెప్పేది ఎకరాకు ఇన్ని బస్తాలని, బస్తా అంటే 75 కిలోలు. మద్దతు ధర ప్రకటించేది క్వింటాలుకు. 2025-26కు సాధారణ రకానికి అది 2,369 రూపాయలు, బస్తాకు వేసుకుంటే 1,776 రూపాయల 75 పైసలు. ఈ గుణింతం ఫోన్ చేయాలి, కళ్లంలో నిలబడ్డ రైతు కాదు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ధాన్యం కొనుగోలుకు వాట్సాప్ ఏర్పాటు పెట్టినప్పుడు రైతు ‘హాయ్’ అని పంపి, ఆధార్ సంఖ్య ఇచ్చి, కొనుగోలు కేంద్రం, తేదీ, సమయం ఎంచుకుని, ధాన్యం రకమూ ఎన్ని బస్తాలన్నదీ చెప్పే పద్ధతి వచ్చింది. అడిగే కొలత బస్తా కావడం చిన్న విషయంలా కనిపిస్తుంది, నిజానికి ఆ తెరలో మెచ్చుకోదగినది అదే.

భూమి కొలతలో పొరపాటు ఇంకా ఖరీదైనది. ఆంధ్రలో ఎకరానికి వంద సెంట్లు. రెండెకరాల అయిదు సెంట్లను 2.05 అని రాయాలి. చుక్క పెట్టి తోచినట్టు 2.5 అని కొడితే యాప్ దాన్ని రెండున్నర ఎకరాలనుకుంటుంది, అంటే 45 సెంట్లు ఎక్కువ. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, అక్కడి కాగితాల్లో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే సరిగ్గా రెండున్నర. ఒకే చుక్క, రెండు రాష్ట్రాల్లో రెండు అర్థాలు. ఎకరాలకు ఒక గడి, సెంట్లకు లేదా గుంటలకు ఇంకో గడి విడిగా పెడితే ఈ బాధ ఉండదు. ‘2 ఎకరాల 5 సెంట్లు, సరేనా?’ అని మాటల్లో తిరిగి అడిగితే ఇంకా నయం.

చెరువు యంత్రాల యాప్‌లలో పొరపాటు కాగితంతో పోదు, రొయ్యల ప్రాణం మీదికి వస్తుంది. విజయవాడలో 2012లో మొదలైన ఏరువాక టెక్నాలజీస్ వంటి సంస్థలు నీటిలోని ప్రాణవాయువును కొలిచే పరికరాలనూ, నీటిలో గాలి కలిపే ఏరేటర్లను ఫోన్‌తో నడిపే ఏర్పాటునూ రైతుల దగ్గరికి తెచ్చాయి. డీవో, అంటే నీటిలో కరిగిన ప్రాణవాయువు, తెల్లవారుజామున బాగా పడిపోతుంది. రాత్రంతా నీటిలోని నాచు కూడా దాన్ని వాడుకోవడమే కారణం. ఆ వేళ రైతు నిద్రలో ఉంటాడు. తక్కువ ధర ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనుక నడిచే యాప్‌లను ఆపేస్తుంటాయి కాబట్టి నోటిఫికేషన్‌ను నమ్ముకోలేం. అలాంటి హెచ్చరిక నేరుగా ఫోన్ కాల్‌గా మోగి, తెలుగులో ఏ చెరువో చెప్పాలి. ఆన్ బటన్‌ది ఇంకో చిక్కు. ‘ఆన్ చేయమని కబురు వెళ్లింది’, ‘ఏరేటర్ తిరుగుతోంది’ ఈ రెండూ ఒకటి కావు. మధ్యలో నెట్‌వర్క్ పోవచ్చు, కరెంటు పోవచ్చు, మోటారు కాలిపోయి ఉండవచ్చు. బటన్ నొక్కగానే పచ్చరంగు చూపే తెర అబద్ధమాడుతున్నట్టే. మోటారు కరెంటు లాగుతోందని కొలిచి తెలుసుకున్నాకే పచ్చరంగు పడాలి, అప్పటిదాకా ‘చూస్తున్నాం’ అనే ఉండాలి. ఆఫ్ చేయడానికి ఒక్క తాకిడి చాలకూడదు, రెండు సెకన్లు నొక్కి ఉంచితేనే ఆగాలి.

నెట్‌వర్క్ లేని చోట ఇదే సమస్య మరో రూపంలో వస్తుంది. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల దగ్గర రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో హాజరు వేయడం తప్పనిసరైంది. ఫొటో తీసిన క్షణం వేరు, అది సర్వర్‌కు చేరిన క్షణం వేరు. తెర ఆ రెంటినీ విడివిడిగా చూపించకపోతే ఆ పూట హాజరు పడిందో లేదో పని చూసే మేట్ కూడా చెప్పలేడు.

ఫోన్ ఎవరిదన్న ప్రశ్నను డిజైన్ పాఠాలు సరిగా పట్టించుకోలేదు. ఒక ఫోన్‌కు ఒక మనిషి, ఆ మనిషికి ఒక ఖాతా అన్న నమ్మకం మీద యాప్‌లు కట్టారు. పల్లెలో రైతు పని రైతు సేవా కేంద్రంలోని సహాయకుడు చేస్తాడు, తల్లి పింఛను కబురు కొడుకు చూస్తాడు, కౌలు రైతు వ్యవహారం భూమి యజమాని నంబరుకు కట్టుబడి ఉంటుంది. ఇది కొత్తేమీ కాదు. 2002లో పశ్చిమ గోదావరిలో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు పెట్టినప్పుడు వాటిని నడిపింది స్వయం సహాయక సంఘాల మహిళలే. కంప్యూటర్ ముందు కూర్చున్నది ఒకరు, పని ఇంకొకరిది. ఆ సంగతి ఆ ఏర్పాటులో దాపరికం లేకుండా ఉండేది. ఇప్పటి యాప్‌లు దాన్ని మరిచాయి. ఫలితం ఓటీపీ. కేంద్రంలో ఒకరు పని మొదలుపెడతారు, ఓటీపీ పొలంలో ఉన్న రైతు ఫోన్‌కు పోతుంది, ఆయన ఇంగ్లీషు సందేశంలోని ఆరు అంకెలు ఫోన్‌లో చదివి వినిపిస్తాడు. ఆ అంకెలు దేనికో ఆయనకు తెలియదు. అడిగినవారికల్లా ఓటీపీ చెప్పవద్దని ప్రచారం చేస్తూనే, చెప్పక తప్పని అలవాటును నేర్పుతున్నది ఈ తెరలే. సందేశంలో ‘మీ ధాన్యం బుకింగ్ కోసం, ఫలానా కేంద్రం నుంచి’ అని తెలుగులో ఒక్క వాక్యం రాయడానికి పెద్ద సాంకేతికత అక్కర్లేదు. దానితోపాటు ‘మరొకరి తరఫున’ అనే దారి యాప్‌లోనే ఉంటే, ఎవరి కోసం ఎవరు చేశారన్నది నమోదవుతుంది.

ఇన్ని చిక్కుల మధ్య కొత్త యాప్ అనేదే వద్దనుకునే ధోరణి బలపడింది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్‌లో ‘మన మిత్ర’ అనే ఏర్పాటును 161 సేవలతో మొదలుపెట్టింది. రైతు ఫోన్‌లో ముందే ఉన్న, ముందే అలవాటైన తెర అది. డౌన్‌లోడ్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కానీ సంభాషణ తెరకు దాని హద్దులున్నాయి. వాట్సాప్ వ్యాపార సంభాషణలో ఒక సందేశానికి జవాబు బటన్లు మూడుకు మించి, జాబితాలో వరుసలు పదికి మించి పట్టవు. సేవలు పెరిగేకొద్దీ ముందు శాఖ, తర్వాత సేవ అని మెట్లు పెరుగుతాయి. తన పని ఏ శాఖ కిందికి వస్తుందో తెలియని మనిషి మొదటి మెట్టు మీదే నిలిచిపోతాడు. పట్టాదారు పాసు పుస్తకం రెవెన్యూదా వ్యవసాయానిదా అని పౌరుణ్ణి అడగడం న్యాయం కాదు. మాటల్లో చెబితే పట్టుకునే వీలు పెరిగేకొద్దీ ఈ మెట్లు తగ్గాలి. అయితే విన్న అంకెను తిరిగి తెర మీద పెద్దగా చూపి ఒప్పించుకోవడం మాత్రం మానకూడదు. ‘అరవై’, ‘ఇరవై’ గాలి హోరులో ఒకేలా వినిపిస్తాయి.

ఆఖరి తెర రసీదుది. పని పూర్తయిందని పచ్చ టిక్కు చూపి మాయమైపోయే తెర మీద పల్లెలో ఎవరికీ నమ్మకం కుదరదు. స్క్రీన్‌షాట్ తీసి కొడుక్కో, కేంద్రంలోని సహాయకుడికో పంపుతారు. డబ్బు పడటం ఆలస్యమైతే చూపించడానికి ఉండే ఆధారం అదే. కాబట్టి రసీదు తెర ఒక్క స్క్రీన్‌షాట్‌లో పట్టేట్టు ఉండాలి: పేరు, బస్తాలు, తేదీ, సమయం, దరఖాస్తు సంఖ్య, అడగాల్సిన ఫోన్ నంబరు. భద్రత పేరుతో కొన్ని యాప్‌లు స్క్రీన్‌షాట్‌ను మొత్తంగా అడ్డుకుంటాయి. పిన్ కొట్టే తెరకు ఆ అడ్డు సరైనదే, రసీదు తెరకు దాన్ని తీసేయాలి.