కోర్టు కాగితంలో మిగిలిన అవ్వ

వంశచరిత్ర రాసేవాడు మొదట వెతికేది పేరున్న తాతను. అవ్వ అంత సులువుగా దొరకదు. దొరికినా ఏ రూపంలో దొరుకుతుందన్నదే నా ప్రశ్న.

డచ్చి కంపెనీ 1613లో పులికాట్‌లో కోట కట్టింది. 2022లో ఏర్పడిన మన తిరుపతి జిల్లా హద్దు ఆ సరస్సునే తాకింది. ఆ రేవు నుంచి బట్టలతో పాటు మనుషులనూ బానిసలుగా బటేవియాకు ఎగుమతి చేశారు. పులికాట్ కత్రీనా బటేవియాలో బానిస. ప్రియుణ్ణి చంపిందన్న నేరానికి 1656లో శిక్ష వేసి, దక్షిణాఫ్రికాలోని కేప్‌కు దేశాంతరం పంపారు. అక్కడ పుట్టిన ఆమె కొడుకు క్రిస్టోఫెల్ స్నైమన్ ఒక ఆఫ్రికానర్ వంశానికి మూలపురుషుడయ్యాడు.

1950లో మనుషుల్ని జాతులవారీగా నమోదు చేసే చట్టం తెచ్చిన దేశంలో, ఒక తెల్ల ఇంటిపేరుకు మూలం ఈ బానిస అవ్వ! రక్తశుద్ధి అనే అబద్ధాన్ని ఇంట్లో నుంచే బయటపెట్టడం వంశచరిత్ర చేయగల మంచి పని.

అయితే ఆమె కాగితానికెక్కింది నేరస్థురాలిగా. ఇంటిపేరు ఉండవలసిన చోట రేవు పేరు, సరుకు మీద ముద్రలాగా. ఆ కాగితాన్నే నమ్మి రాస్తే రచయిత కంపెనీ గుమాస్తా అవుతాడు. ఆమెను తెలుగు ఆడపడుచును చేసి మురిసిపోతే అదీ మరో రకం స్వాధీనమే.

చిత్తూరు సీమలో అవ్వల కథలు రాయబోయే యువ రచయితలకు నా మనవి ఒకటే. పట్టాల్లో, దావాల్లో అవ్వను వెతకండి. ఆ కాగితం ఎవరు, ఎవరి కోసం రాశారో కూడా అడగండి. అప్పుడే అది వంశగర్వం కాక ప్రజల చరిత్ర అవుతుంది.