వెలుగు దిద్దే చేతులు
2011లో వచ్చిన స్కైరిమ్ వీడియో గేమ్ ఇవాళ్టికీ కళ్లు తిప్పుకోనివ్వడం లేదంటే, ఆ ఘనతలో పెద్ద వాటా ఆటలో వెలుగునూ రంగులనూ మార్చే ఈఎన్‌బీ అనే పనిముట్టుకు ప్రీసెట్లు, అంటే సిద్ధం చేసిన సెట్టింగులు, తయారుచేసేవాళ్లదే. పనిముట్టు బోరిస్ వొరొంత్సోవ్‌ది, పనితనం వీళ్లది. షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కితే ఆట నడుస్తుండగానే సెట్టింగులు తెరుచుకుంటాయి. వేకువ, పగలు, సాయంత్రం, రాత్రి, ఇంటి లోపల... ఒక్కోదానికీ వేరే అంకెలు. పగటి వెలుగు కాస్త పెరిగిందా, మంచుకొండ మీద గీతలన్నీ మాసిపోయి తెల్లటి ముద్ద మిగులుతుంది. తగ్గిస్తే మిట్టమధ్యాహ్నమే మబ్బు పట్టినట్టుంటుంది. హమ్మయ్య, కుదిరిందనుకునేలోపు వాన మొదలై రంగులు మళ్లీ చెదురుతాయి. అన్నిటికన్నా కష్టం గుహలు. కాగడా పక్కన ముఖం మరీ ఎర్రబడకూడదు, మూలల్లో చీకటి చిక్కగానే ఉండాలి, అయినా దారి కనబడాలి. నన్నడిగితే మంచి ప్రీసెట్‌ను ఆ చీకటిలోనే పోల్చుకోవచ్చు. ఇంత శ్రమపడి, చాలామంది దాన్ని ఉచితంగానే పంచిపెడతారు.