భాగం – 9 : సేవ్ ఫైలు ఎక్కడ ఉండాలి? ఒక విమర్శనాత్మక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• సేవ్ ఫైలు అంటే ఏమిటో, అది సెట్టింగుల ఫైలు నుంచి, తాత్కాలిక ఫైలు నుంచి ఎలా వేరో వివరించగలుగుతారు.
• విండోస్ కంప్యూటర్లలో ఆటలు సేవ్ ఫైళ్లను దాచే ప్రధాన స్థానాలను పోల్చగలుగుతారు.
• ఒక ఆట ఎంచుకున్న స్థానం తగినదో కాదో కారణాలు చూపి విమర్శించగలుగుతారు.

9.1 ప్రవేశిక

కంప్యూటర్ ఆటను విమర్శించేటప్పుడు మనం సాధారణంగా దాని కథ గురించి, బొమ్మల గురించి, సంగీతం గురించి మాట్లాడతాం. ఆట మూసేశాక ఏం మిగులుతుందన్న ప్రశ్న విమర్శలోకి అరుదుగా వస్తుంది. వంద గంటలు ఆడి కట్టిన ఊరు, సాగుచేసిన పొలం, ఓడించిన శత్రువులు అన్నీ చివరికి ఒకటి రెండు ఫైళ్లలో మిగులుతాయి. కంప్యూటరును ఫార్మాట్ చేయించే ముందు మీరు ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు గుర్తుపెట్టుకుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటారు. ఆట ఫైలు ఎక్కడుందో తెలియదు కనుక అది మాత్రం పోతుంది. ఇలాంటి నష్టానికి మీ మతిమరుపు కంటే ఆ ఫైలును అక్కడ పెట్టినవారి నిర్ణయమే పెద్ద కారణం.

ఈ భాగంలో మనం నిరూపించదలచిన విషయం ఇది: సేవ్ ఫైలు ఆడినవారి సొత్తు. కాబట్టి అది వారికి దొరికే చోట ఉండాలి, లేదా ఎక్కడుందో ఆటే వారికి చెప్పాలి.

9.2 సేవ్ ఫైలు: స్వరూపం, నేపథ్యం

ఆట నడవడానికి చాలా రకాల ఫైళ్లు కావాలి. వాటిని నాలుగు రకాలుగా విభజించవచ్చు. మొదటివి ప్రోగ్రాము ఫైళ్లు. ఇవి పోతే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. రెండోవి సెట్టింగులు, తెర వెలుగు, శబ్దం స్థాయి వంటివి పోతే రెండు నిమిషాల్లో తిరిగి సరిచేసుకోవచ్చు. మూడోవి తాత్కాలిక ఫైళ్లు. ఇవి పోయినా ఆట తానే మళ్లీ తయారుచేసుకుంటుంది. నాలుగోవి సేవ్ ఫైళ్లు. వీటిని ఏ కంపెనీ తిరిగి ఇవ్వలేదు, ఏ వెబ్‌సైటు నుంచీ దింపుకోలేం. ఈ నాలుగింటిలో ఆడినవారి శ్రమ ఉన్నది ఒక్క నాలుగోదానిలోనే. ఈ తేడాను గుర్తించకుండా అన్నింటినీ ఒకే మూటలో కట్టడం చాలా ఆటల్లో కనిపించే మొదటి లోపం.

తొలి రోజుల్లో ఈ సొత్తు కంటికి కనిపించేది. 1987లో అమెరికాలో విడుదలైన ‘మెట్రాయిడ్’ ఆట 24 అక్షరాల పాస్‌వర్డ్ ఇచ్చేది. ఆడేవారు దాన్ని కాగితం మీద రాసుకునేవారు. అదే సంవత్సరం అక్కడ వచ్చిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ క్యాట్రిడ్జ్‌లో చిన్న బ్యాటరీ ఉండి, ఆట స్థితిని నిలిపి ఉంచేది. 1994లో జపాన్‌లో విడుదలైన ప్లేస్టేషన్‌కు 128 కిలోబైట్ల మెమరీ కార్డు ఉండేది. దాన్ని జేబులో వేసుకుని స్నేహితుడి ఇంటికి వెళ్లి, ఆగిన చోటు నుంచి ఆట కొనసాగించవచ్చు. కాగితం పోవచ్చు, బ్యాటరీ అయిపోవచ్చు. అయినా నా ఆట ఎక్కడుంది అన్న ప్రశ్నకు చిన్నపిల్లలు కూడా జవాబు చెప్పగలిగేవారు.

9.3 విండోస్‌లో నాలుగు స్థానాలు

ఒక స్థానాన్ని అంచనా వేయడానికి మనం మూడు ప్రమాణాలు పెట్టుకుందాం. ఒకటి, దొరకడం: మామూలు మనిషి వెతికితే ఫైలు కనబడుతుందా? రెండు, నిలవడం: ఆటను తీసేసి మళ్లీ ఎక్కించినా ఫైలు మిగులుతుందా, ఒకే కంప్యూటరు వాడే అన్నాచెల్లెళ్ల ఆటలు కలిసిపోకుండా ఉంటాయా? మూడు, కదలడం: ఫైలును కాపీ చేసి ఇంకో కంప్యూటరుకు తీసుకెళ్లగలమా?

9.3.1 ఆట సొంత ఫోల్డరు

పాత ఆటలు సేవ్ ఫైలును ఆట ఇన్‌స్టాల్ అయిన ఫోల్డరులోనే రాసేవి. వెతకడం సులువే. కానీ ఆట తీసేసేటప్పుడు ఆ ఫోల్డరును కూడా తుడిచేస్తే శ్రమ అంతా పోతుంది. పైగా ఇంట్లో అందరి ఆటలూ ఒకే చోట పడతాయి. 2007లో వచ్చిన విండోస్ విస్టా, భద్రత కోసం మామూలు ప్రోగ్రాములు ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ ఫోల్డరులో రాయకుండా కట్టడి చేసింది. అయితే పాత ఆటలు ఆగిపోకూడదని అవి రాసే ఫైళ్లను గుట్టుగా ‘వర్చువల్ స్టోర్’ అనే మరో ఫోల్డరుకు మళ్లించింది. ఆట తాను పాత చోటే రాశాననుకుంటుంది. ఫైలు మాత్రం ఇంకెక్కడో ఉంటుంది. నిలవడం అనే ప్రమాణంలో ఈ స్థానం ఓడిపోయింది. దాన్ని కాపాడబోయిన ఏర్పాటు దొరకడాన్ని కూడా దెబ్బతీసింది.

9.3.2 డాక్యుమెంట్స్ ఫోల్డరు

2011 నాటి ‘స్కైరిమ్’ తన ఫైళ్లను డాక్యుమెంట్స్‌లోని ‘మై గేమ్స్’ అనే ఫోల్డరులో పెడుతుంది. 2015 నాటి ‘ది విచర్ 3’ నేరుగా డాక్యుమెంట్స్‌లోనే తన పేరుతో ఫోల్డరు తెరుస్తుంది. దొరకడం, కదలడం అనే రెండు ప్రమాణాల్లోనూ ఇవి నెగ్గుతాయి. డాక్యుమెంట్స్‌ను బ్యాకప్ తీసే అలవాటు ఉన్నవారికి ఆట కూడా వాటితోపాటే భద్రమవుతుంది.

దీనిపై ఉన్న అభ్యంతరం కూడా బలమైనదే. డాక్యుమెంట్స్ మీరు రాసుకున్న అసైన్‌మెంట్లకు, దరఖాస్తులకు కేటాయించిన చోటు. అడగకుండా పది ఆటలు వచ్చి పది ఫోల్డర్లు తెరిస్తే, అద్దెకున్నవారు యజమాని పడకగదిలో సామాను దించినట్టు ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా కంప్యూటర్లలో ఈ ఫోల్డరు వన్‌డ్రైవ్‌తో అనుసంధానమై ఉంటుంది. వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చే చోటు 5 గిగాబైట్లు. ఆటల ఫైళ్లు అందులో కొంత ఆక్రమిస్తే మీ పాఠాలకు ఆమేరకు చోటు తగ్గుతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మ భేదాన్ని గమనించండి. ‘మైన్‌క్రాఫ్ట్’లో మీరు కట్టిన ప్రపంచం ఒక సృజన, బొమ్మ గీయడానికీ, వ్యాసం రాయడానికీ దానికీ పెద్ద తేడా లేదు. దాన్ని పత్రం అనవచ్చు. ‘హాలో నైట్’లో మీ ఫైలు మీరు ఎంతవరకు వచ్చారో చెప్పే గుర్తు మాత్రమే, పుస్తకంలో పెట్టుకున్న పేజీ గుర్తు వంటిది. రెండూ ఒకే రకం వస్తువులు కావు. కానీ రెండూ మీవే. డాక్యుమెంట్స్ ఫోల్డరు సమర్థకులు మొదటి రకాన్నీ, వ్యతిరేకులు రెండో రకాన్నీ మనసులో పెట్టుకుని వాదించడం వల్ల ఈ చర్చ తెగదు.

9.3.3 యాప్‌డేటా

ప్రస్తుతం ఎక్కువ ఆటలు ఎంచుకునే చోట్లలో ఇదొకటి. ఇందులో మూడు గదులున్నాయి: రోమింగ్, లోకల్, లోకల్‌లో. మూడో పేరులోని ‘లో’ తెలుగు విభక్తి కాదు. తక్కువ అనుమతులు గల ప్రోగ్రాముల కోసం ఉద్దేశించినదని చెప్పే ఇంగ్లీషు మాట. ‘మైన్‌క్రాఫ్ట్’ జావా ఎడిషన్, ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ రోమింగ్‌లో రాస్తాయి. ‘హాలో నైట్’ లోకల్‌లో అనే మూడో గదిలో రాస్తుంది. దీనికి కారణం తెలుసుకోవడం ముఖ్యం. ఆ ఆటను తయారుచేసిన యూనిటీ ఇంజను, విండోస్‌లో ఫైళ్లు రాయడానికి ఆ చోటునే ముందుగా చూపిస్తుంది. అంటే చాలా సందర్భాల్లో ఎవరూ ఆలోచించి నిర్ణయించలేదు; పనిముట్టు చూపిన చోట ఫైలు పడింది.

యాప్‌డేటా నిలవడంలో మెరుగు. ఒక్కొక్కరి ఖాతాకు విడిగా ఉంటుంది. ఆటను తీసేసినా సాధారణంగా ఫైలు మిగులుతుంది. కానీ విండోస్ ఈ ఫోల్డరును ముందునుంచే దాచి ఉంచుతుంది. దాచిన ఫోల్డర్లను చూపించమని ఎంపిక మార్చుకోవడం తెలియనివారికి అది లేనట్టే. ప్రోగ్రాము తన అంతర్గత అవసరాలకు వాడుకునే ఈ చోట మీ శ్రమఫలాన్ని పెట్టడం అంటే, దాన్ని ప్రోగ్రాము సామానుగా లెక్కగట్టడమే.

9.3.4 సేవ్డ్ గేమ్స్

ఈ సమస్యకు మైక్రోసాఫ్ట్ విస్టాతోనే జవాబు ఇచ్చింది. ప్రతి ఖాతాలోనూ డాక్యుమెంట్స్ పక్కనే ‘సేవ్డ్ గేమ్స్’ అనే ఫోల్డరు ఏర్పాటు చేసింది. అది దాచిన ఫోల్డరు కాదు. పేరు చూస్తేనే పని తెలుస్తుంది. మీ పత్రాలతో కలవదు. మూడు ప్రమాణాలకూ ఇది సరిపోతుంది.

అయినా ఆ ఫోల్డరు చాలా కంప్యూటర్లలో ఖాళీగా, లేదా దాదాపు ఖాళీగా ఉంటుంది. చోటు చూపినవారే అక్కడికి రాకపోవడం దీనికి ఒక కారణం. మైక్రోసాఫ్ట్ 2019లో ప్రచురించిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2: డెఫినిటివ్ ఎడిషన్’ ఆ ఫోల్డరును వదిలి, ఖాతాలో ‘గేమ్స్’ అనే కొత్త ఫోల్డరు తెరిచింది. మైక్రోసాఫ్ట్ దుకాణం నుంచి తీసుకున్న చాలా ఆటల సేవ్ ఫైళ్లు యాప్‌డేటా లోపలి పొరల్లో, అర్థంకాని అంకెలూ అక్షరాలూ కలిసిన పేర్లతో ఉంటాయి. వాటిని కనుక్కున్నా ఏది ఏ ఆటో, ఏ రోజుదో చెప్పడం కష్టం. మరోవైపు, డాక్యుమెంట్స్‌లో ‘ది విచర్ 3’ ఫైళ్లను పెట్టిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 2020లో ‘సైబర్‌పంక్ 2077’ ఫైళ్లను సేవ్డ్ గేమ్స్‌లో పెట్టింది. అంటే అలవాటు మార్చుకోవడం అసాధ్యమేమీ కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. ఆటకు సంబంధించిన నాలుగు రకాల ఫైళ్లు ఏవి?
2. వర్చువల్ స్టోర్ ఏ సమస్యను పరిష్కరించింది? ఏ సమస్యను తెచ్చింది?

9.4 క్లౌడ్ ఉంటే చాలదా?

‘ఇప్పుడంతా క్లౌడే కదా, ఫైలు ఎక్కడుంటే ఏమిటి?’ అని మీరు అడగవచ్చు. స్టీమ్ దుకాణం 2008లోనే స్టీమ్ క్లౌడ్‌ను ప్రారంభించింది. కంప్యూటరు చెడిపోయినా ఫైలు తిరిగి వస్తుంది. ఇది నిజమైన మేలే. అయితే మూడు పరిమితులు ఉన్నాయి.

మొదటిది, అనుసంధానం వేరు, బ్యాకప్ వేరు. ఒక యంత్రంలో చెడిపోయిన ఫైలు రెండో చోట కూడా మంచిదాని స్థానంలోకి రావచ్చు. రెండోది, ఈ సదుపాయం షరతులతో వస్తుంది. నింటెండో స్విచ్‌లో సేవ్ ఫైళ్లు యంత్రం లోపలి మెమరీలోనే ఉంటాయి, మెమరీ కార్డులోకి కాపీ కావు. క్లౌడ్ బ్యాకప్‌కు రుసుము కట్టి సభ్యత్వం తీసుకోవాలి. మెమరీ కార్డు జేబులో వేసుకుని తిరిగిన కాలంతో దీన్ని పోల్చి చూడండి. మూడోది, సేవలు మూతపడతాయి. గూగుల్ స్టేడియా 2023 జనవరి 18న ఆగిపోయింది. ఆడేవారి యంత్రంలో ఏమీ లేని పద్ధతిలో, ఫైళ్లు చేతికి రావాలంటే కంపెనీ దారి చూపాల్సిందే.

సెల్‌ఫోన్లో పరిస్థితి ఇంకా ఇరుకు. ఆండ్రాయిడ్‌లో ఒక ఆట తన సొంత చోటులో రాసుకున్న ఫైళ్లు, ఆ ఆటను తీసేయగానే పోతాయి. ఆండ్రాయిడ్ 11 నుంచి ఆ చోటును ఇతర యాప్‌లు తెరవకుండా కట్టడి పెరిగింది. భద్రత పరంగా ఇది సబబే. కానీ ఫోను నిండిందని ఒక ఆటను తీసేసే ముందు, అది ఆన్‌లైన్ ఖాతాతో జతపడి ఉందో లేదో చూసుకోవలసిన బాధ్యత మీ మీద పడింది.

9.5 ఎదుటి వాదాలు

కనిపించే చోట పెడితే తెలియనివారు పొరపాటున తుడిచేస్తారని కొందరు అంటారు. ఫొటోలకు కూడా ఇదే ప్రమాదం ఉంది. అయినా ఫొటోలను దాచిపెట్టాలని ఎవరూ అనరు. స్పష్టమైన పేరే మంచి రక్షణ.

ఫైలు దొరికితే ఆడేవారు దాన్ని మార్చి మోసం చేస్తారని రెండో వాదం. ఒంటరిగా ఆడే ఆటలో ఈ మార్పు వల్ల నష్టపోయేవారు లేరు. పదిమంది పోటీపడే ఆటలో అసలు లెక్క ఆడేవారి యంత్రంలో ఉండకూడదు, సర్వరులోనే ఉండాలి. ఫోల్డరును దాచడం మోసానికి సరైన మందు కాదు.

మూడో వాదం కాస్త గట్టిది. వన్‌డ్రైవ్ బ్యాకప్ డాక్యుమెంట్స్‌ను చూసుకుంటుంది, సేవ్డ్ గేమ్స్‌ను చూసుకోదు. కాబట్టి ఏమీ చేయని మనిషికి డాక్యుమెంట్సే భద్రం అంటారు. ఇది ఒప్పుకోదగిన మాట. కానీ ఇది ఆ ఫోల్డరు లోపం కంటే బ్యాకప్ ఏర్పాటు లోపం.

9.6 నిర్ణయం

పై చర్చను బట్టి, విండోస్‌లో సేవ్ ఫైలుకు తగిన చోటు సేవ్డ్ గేమ్స్ ఫోల్డరు. అందులో ఆట పేరుతో ఒక ఫోల్డరు, తేదీ తెలిసేలా ఫైళ్ల పేర్లు ఉండాలి. సెట్టింగులు, తాత్కాలిక ఫైళ్లు యాప్‌డేటాలోనే ఉండవచ్చు. లైనక్స్ లోకంలో ఈ విభజనకు 2003 నుంచే ఒక లిఖిత ప్రమాణం ఉంది; సెట్టింగులకు ఒక చోటు, దాచుకోవలసిన సమాచారానికి ఒక చోటు, తాత్కాలిక ఫైళ్లకు ఇంకొక చోటు అని అది చెబుతుంది.

అయితే చోటు ఒక్కటే సర్వస్వం కాదు. ‘మైన్‌క్రాఫ్ట్’ జావా ఎడిషన్ దాచిన ఫోల్డరులోనే రాస్తుంది. కానీ ఆటలోనే ప్రపంచం ఫోల్డరును తెరిచే బటను ఒకటి, బ్యాకప్ తీసే బటను మరొకటి ఉన్నాయి. సరైన చోట పెట్టి మౌనంగా ఉండే ఆట కంటే, తప్పు చోట పెట్టినా దారి చూపే ఆట ఆడేవారిని ఎక్కువ గౌరవిస్తుంది. మంచి ఆట రెండూ చేస్తుంది.

9.7 సారాంశం

ఆట ఫైళ్లలో తిరిగి తెచ్చుకోలేనిది సేవ్ ఫైలు ఒక్కటే. దొరకడం, నిలవడం, కదలడం అనే మూడు ప్రమాణాలతో దాని స్థానాన్ని అంచనా వేయాలి. ఆట సొంత ఫోల్డరు నిలవడంలో, యాప్‌డేటా దొరకడంలో ఓడిపోతాయి. డాక్యుమెంట్స్ చాలావరకు నెగ్గినా ఇతరుల చోటును ఆక్రమిస్తుంది. సేవ్డ్ గేమ్స్ మూడింటికీ సరిపోయినా వాడకానికి నోచుకోలేదు. క్లౌడ్ ఒక అదనపు రక్షణ. చేతిలో ఉన్న ఫైలుకు అది ప్రత్యామ్నాయం కాదు.

9.8 మాదిరి ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సేవ్ ఫైలు ఆడినవారి సొత్తు అన్న వాదాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. డాక్యుమెంట్స్, యాప్‌డేటా ఫోల్డర్ల గుణదోషాలను పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అనుసంధానానికీ బ్యాకప్‌కూ గల భేదం.
2. మెమరీ కార్డు కాలానికీ నేటికీ వచ్చిన మార్పు.

III. అభ్యాసం: మీరు ఆడే ఒక ఆటను ఎంచుకోండి. దాని సేవ్ ఫైలు ఎక్కడుందో కనుక్కుని, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. దాన్ని కనుక్కోవడానికి ఎంతసేపు పట్టిందో, ఎవరిని అడగవలసి వచ్చిందో, ఆట మీకు ఏమైనా సాయం చేసిందో ఒక పేజీలో రాయండి. అదే ఆ ఆటపై మీ మొదటి విమర్శ.