గీజరు కరెంటుతో మూడు వేల కిలోమీటర్లు

హైదరాబాద్ బర్కత్‌పురలో ఏ ఇంటి బాత్రూములో చూసినా గీజరు మీద రెండు వేల వాట్లని రాసి ఉంటుంది. సన్‌రేసర్ అనే సోలార్ కారుకు నడినెత్తి ఎండలో కూడా దొరికేది సుమారు 1,500 వాట్లే. 1987 నవంబరులో ఆ కాస్త కరెంటుతోనే అది ఆస్ట్రేలియా ఉత్తరపు కొస డార్విన్ నుంచి దక్షిణాన అడిలైడ్ దాకా, దాదాపు 3,000 కిలోమీటర్లు పరుగెత్తింది. మన నారాయణగూడ నుంచి ఢిల్లీ వెళ్లి మళ్లీ ఇల్లు చేరినంత దూరం. సగటు వేగం గంటకు 66.9 కిలోమీటర్లు. సాయంత్రం ఆరింటికి చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద స్కూటరు నడిపేవాళ్లకు ఈ అంకె ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు.

అది పరుగెత్తిన పందేనికి బీజం వేసింది హాన్స్ థోల్‌స్ట్రప్ అనే సాహసి. 1982 చివర్లో లారీ పెర్కిన్స్‌తో కలిసి ‘క్వైట్ అచీవర్’ అనే సోలార్ బండిలో పెర్త్ నుంచి సిడ్నీకి బయల్దేరి, ఇరవై రోజుల్లో చేరాడు. ఐదేళ్లకు అదే పనిని వరల్డ్ సోలార్ చాలెంజ్‌గా మార్చి లోకం ముందు పెట్టాడు. జనరల్ మోటార్స్ కంపెనీ రంగంలోకి దిగి, బండి తయారీకి ఏరోవైరన్‌మెంట్ అనే చిన్న సంస్థను పిలిచింది. దాని అధిపతి పాల్ మెక్రీడీ. మనిషి కాళ్లతో తొక్కే విమానాన్ని 1977లో ఎగరేసి చూపించినవాడు, 1979లో అలాంటిదాన్నే ఇంగ్లిష్ చానల్ దాటించినవాడు. మనిషి కాళ్ల సత్తువతో రెక్కలను గాల్లో నిలపాలంటే ప్రతి గ్రామూ లెక్కలోకి వస్తుంది. ఆ పిసినారితనమే సన్‌రేసర్‌లో అడుగడుగునా కనిపిస్తుంది.

ముందు బరువు చూడండి. అల్యూమినియం గొట్టాలు అతికించి కట్టిన చట్రం దాదాపు ఏడు కిలోలు. డ్రైవరుతో కలిపి మొత్తం బండి 265 కిలోల దగ్గర ఆగింది. ఆకారం సాగదీసిన నీటిబొట్టులా, నేలకు అతుక్కున్నట్టు ఉంటుంది. గాలిని చీల్చుకుపోవడంలో దాని డ్రాగ్ కొయెఫిషెంట్ 0.125. ఆ రోజుల్లో రోడ్ల మీద తిరిగే కార్లకు ఇది మూడు రెట్లుండేది. పైన ముందు భాగంలో రెండు చిన్న చెవుల్లాంటి రెక్కలున్నాయి. మొదట అలంకారం అనిపిస్తాయి. పందెం సాగిన హైవే మీద మూడేసి ట్రైలర్లు లాక్కుంటూ వచ్చే రోడ్ ట్రెయిన్లు పక్కనుంచి దూసుకుపోయినప్పుడు, అడ్డగాలికి ఇంత తేలిక బండి ఎగిరిపోకుండా పట్టేవి అవే. డ్రైవరు తల మీది గాజు కప్పుకు బంగారు పూత పూశారు. అది వేడిని వెనక్కి కొడుతుంది. ఏసీకి కరెంటు ఇచ్చే స్తోమత లేని బండికి ఇంతకన్నా చవకైన చల్లదనం లేదు. బంగారమే అయినా సరే!

నన్ను ఎక్కువసేపు ఆపేది మాత్రం సెల్స్ అమరిక. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివేవాళ్ల నోట్సులో సోలార్ సెల్ ఒక నిర్వచనంతో ముగిసిపోతుంది. పని మొదలయ్యేది ఆ తర్వాతే. సెల్స్‌ను సిరీస్‌లో కలిపితే, వరసలో అన్నిటికన్నా తక్కువ ఎండ తగిలే సెల్ ఎంత కరెంటు ఇస్తే మొత్తం వరసలో అంతే పారుతుంది. బల్లపరుపు పలక మీద దీంతో పెద్ద చిక్కు లేదు. సన్‌రేసర్ వీపు వంపు తిరిగి ఉంది. దాని మీద పరిచిన వేల సెల్స్‌లో ఒక్కోటి ఒక్కో దిక్కు చూస్తుంది. ఉదయం తూర్పు వైపు సెల్స్ మెరుస్తుంటే పడమటివి నీడలో పడి ఉంటాయి. అందుకని ఒకే దిక్కు చూసేవాటిని ఒక వరసగా కలిపారు. ఒక్కో వరసకు, ఆ క్షణాన అత్యధిక శక్తి ఎక్కడ దొరుకుతుందో వెతికి పట్టుకునే ఎలక్ట్రానిక్ పరికరాన్ని విడిగా తగిలించారు. నీడలో ఉన్నవాటి పేదరికం ఎండలో ఉన్నవాటికి అంటకుండా చేసిన ఏర్పాటు ఇది. బయటినుంచి చూస్తే నీలం పలకలు తప్ప ఏమీ కనిపించవు.

మోటారులో కొత్తరకం నియోడిమియం అయస్కాంతాలు వాడారు. బ్యాటరీ కరెంటును దానికి తగ్గట్టు మార్చే ఇన్వర్టరు అలన్ కొకోనీ అనే ఇంజినీరు చేతి పని. బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరై కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి ఇస్తుంది. టైర్లు సైకిలు టైర్లంత సన్నం.

పందెం నియమం ప్రకారం ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకానే నడపాలి. ఐదయ్యేసరికి ఎక్కడ ఉంటే అక్కడే, స్టువర్ట్ హైవే పక్కన మకాం. అప్పుడు పలకలను పడమటికి వంచి చివరి ఎండను, తెల్లవారాక తూర్పుకు తిప్పి మొదటి ఎండను బ్యాటరీలోకి పట్టుకోవాలి. సన్‌రేసర్ 45 గంటల లోపు నడకతో గమ్యం చేరింది. రెండో స్థానంలో వచ్చిన ఫోర్డ్ ఆస్ట్రేలియా బండి మరో రెండు రోజులకు గానీ రాలేదు.

పెద్ద కంపెనీ డబ్బు పోసి గెలిచిందని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. కొంత నిజమే, ఆ డబ్బు లేకుండా ఉపగ్రహాలకు వాడే ఖరీదైన గాలియం ఆర్సెనైడ్ సెల్స్ దొరకవు. అయితే ఏ వరసను ఎక్కడ విడగొట్టాలో డబ్బు చెప్పదు. నాకు కనిపించే లోపం వేరు. అంత అందమైన ఆకారం గాలికి లొంగింది గానీ ఎండకు పూర్తిగా లొంగలేదు. వంపు పక్కల్లో ఉన్న సెల్స్ రోజులో చాలాసేపు అరకొరగానే పనిచేశాయి. తర్వాత వచ్చిన పందెపు కార్లు పైభాగాన్ని దాదాపు బల్లపరుపు చేసి, డ్రైవరును ఒక పక్కకో అడుగుకో నెట్టాయి. 2023లో ఇదే పందెంలో నాలుగు చదరపు మీటర్ల పలకలతోనే బెల్జియం విద్యార్థుల బండి గంటకు 88 కిలోమీటర్ల సగటుతో గెలిచింది. సన్‌రేసర్ మోసిన పలకలు విస్తీర్ణంలో దీనికి రెట్టింపు.

సన్‌రేసర్ తర్వాత కొకోనీ జనరల్ మోటార్స్ వారి ‘ఇంపాక్ట్’ అనే ఎలక్ట్రిక్ కారుకు ఇన్వర్టరు చేశాడు. 1990లో బయటపెట్టిన ఆ నమూనానే తర్వాత ఈవీ1 పేరుతో రోడ్డెక్కింది.