57 కిలోల పనితనం

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అనగానే మా మదనపల్లెలో చాలామందికి గుర్తొచ్చేది కండలు తిరిగిన మనిషి, ఒకే ఒక్క గుద్దు. నాకు మాత్రం ఆ ఆట అందమంతా ఫ్లైవెయిట్‌లో ఉంది. టైటిల్ పోరులో 56.7 కిలోలు దాటకూడని విభాగమది. హెవీవెయిట్‌లో ఒక దెబ్బ గట్టిగా తగిలితే చాలు, అంతకుముందు చేసిన తప్పులన్నీ కొట్టుకుపోతాయి. చిన్న బరువుల్లో ఆ వెసులుబాటు తక్కువ. ఇరవై ఐదు నిమిషాలూ కాళ్లు, నడుం, బుర్ర కలిసి పనిచేయాల్సిందే.

“ఏందన్నా, ఈ బక్కోళ్ల కొట్లాట!” అనేవాళ్లకు నేను డెమిట్రియస్ జాన్సన్‌ని చూపిస్తాను. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. 2017 అక్టోబరు, లాస్ వేగాస్, రే బోర్గ్‌తో టైటిల్ పోరు. అప్పుడు మనకు ఆదివారం పొద్దు. ఐదో రౌండు నడుస్తోంది. పైచేయి తనదే కాబట్టి జాన్సన్ మిగిలిన నిమిషాలు తప్పించుకు తిరిగినా సరిపోయేది. అలా చేయలేదు. వెనక నుంచి బోర్గ్ నడుం చుట్టేసి పైకెత్తి వెనక్కి విసిరాడు. ఎత్తి పడేయడం వరకు మన కుస్తీ గోదాల్లోనూ ఉన్నదే. కానీ బోర్గ్ ఇంకా గాల్లో ఉండగానే నడుం పట్టు వదిలి చెయ్యి అందుకున్నాడు. కింద పడ్డాక కాళ్లు మీదికేసి మోచెయ్యి వంచితే, బోర్గ్ కాస్త పెనుగులాడి ఓటమి ఒప్పుకున్నాడు. ఉడుంపట్టు పట్టేవాళ్లు చాలామంది ఉంటారు. ఒక పట్టు వదిలి ఇంకోటి అందుకునే ఆ అరక్షణంలోనే అసలు పనితనమంతా! టైటిల్‌ను వరుసగా నిలబెట్టుకోవడం అతనికది 11వసారి. అంతకుముందు ఆండర్సన్ సిల్వా రికార్డు 10.

అలాంటివాడు 2018లో హెన్రీ సెజుడో చేతిలో స్వల్ప తేడాతో ఓడగానే, ఆ పోటీలు నడిపే యూఎఫ్‌సీ అతన్ని వేరే సంస్థకు ఇచ్చేసింది. ఫ్లైవెయిట్ విభాగాన్నే దాదాపు మూసేయబోయారు. ఆ కోపం నాకింకా తీరలేదు. అప్పుడు ఇంటికి పంపినవాళ్లలో బ్రాండన్ మొరెనో ఒకడు. 2019లో తిరిగొచ్చాడు. 2021 జూన్‌లో అప్పటి ఛాంపియన్ ఫిగెయిరెడో మెడ పట్టి లొంగదీసుకుని, మెక్సికోలో పుట్టిన తొలి యూఎఫ్‌సీ ఛాంపియన్ అయ్యాడు. ఆ ఇద్దరూ నాలుగుసార్లు తలపడ్డారు. ఒకటి డ్రా, రెండు మొరెనోవి, ఒకటి ఫిగెయిరెడోది. అన్నీ చూడదగ్గవే.

మన తెలుగు నేల మీద ఈ పనితనం చూడాలంటే బాక్సింగ్‌లోకి వెళ్లాలి. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల ప్రపంచ టైటిల్‌ను ఐదుగురు జడ్జీల ఓటుతో గెలిచింది. మరుసటి ఏడు ఢిల్లీలో 50 కిలోలకు దిగి మళ్లీ గెలిచింది. ఆ ఒంటి మీద రెండు కిలోలు తగ్గించి, వేగం తగ్గకుండా చూసుకోవడం మాటలు కాదు. యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారతీయ క్రీడాకారిణి పూజా తోమర్‌ది కూడా దాదాపు 52 కిలోల విభాగమే. 2024 జూన్‌లో గెలిచింది.

కుప్పం నుంచి బెంగళూరుకు రైలెక్కి శిక్షణకు పోయివచ్చే కుర్రాడొకడు ఈమధ్య అడిగాడు, “బరువు పెంచితే బాగుంటాదా అన్నా?” అని. ఎందుకు పెంచడం? పుంగనూరు ఆవు మూడడుగుల ఎత్తే, పాలలో వెన్న 8 శాతం దాకా ఉంటుంది. ఆ పిల్లాడికి కావాల్సింది ఇంటి దగ్గర ఒక మంచి మ్యాటు, కుస్తీ తెలిసిన గురువు. మా మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో సాయంత్రంపూట కరాటే నేర్పే మాస్టర్లను అడుగుతున్నాను: వారానికి ఒక్కరోజు, కింద పడ్డాక ఏం చేయాలో కూడా నేర్పండి.