నడిబొడ్డు చెరువులో గాలి చదువు

చార్మినార్ కట్టడానికి దాదాపు 30 ఏళ్ల ముందే, 1560ల మొదట్లో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో హైదరాబాద్‌లోని హుస్సేన్ సాగర్‌ను నిర్మించారు. నీటి అవసరాలు తీర్చడానికి పుట్టిన ఆ చెరువు ఇవాళ తెరచాప పడవల పోటీలకు దేశమంతటా పేరు పొందింది. వానాకాలం రాగానే ఇక్కడ హైదరాబాద్ సెయిలింగ్ వీక్, మాన్‌సూన్ రెగట్టా అనే పోటీలు జరుగుతాయి. సముద్రం లేని ఊళ్లో ఈ విద్య ఎలా నిలిచింది? నైరుతి రుతుపవనాలు తెచ్చే పడమటి గాలి వల్ల.

గ్రీకు దీవుల తీరాల్లో వేసవిలో మెల్టెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి వీస్తుంది. విండ్‌సర్ఫింగ్ చేసేవాళ్లకు అది పండగ. మన గాలి అలా కాదు. నెక్లెస్ రోడ్డు వైపు భవనాలను దాటుకుంటూ విరిగి, మలుపు తిరిగి, ఒక్కసారిగా విసురుతుంది, అంతలోనే ఆగిపోతుంది. నీటి మీద నల్లగా ముడతలు పరుగెత్తుకొస్తుంటే విసురు వస్తోందని అర్థం. అది చేరకముందే సిద్ధపడినవాడే ముందుంటాడు.

ఒంపు తిరిగిన తెరచాపకు ఇరువైపులా గాలి పీడనం తేడాగా ఉంటుంది. ఆ తేడా పడవను లాగుతుంది. పడవ అడుగున నీళ్లలోకి దిగిన పలక పక్కకు జారనివ్వదు. అందుకే పడవ ముందుకు సాగుతుంది. గాలికి సూటిగా ఎదురు వెళ్లడం మాత్రం ఏ తెరచాపకూ సాధ్యం కాదు. ఇటు సుమారు 45 డిగ్రీలు, అటు సుమారు 45 డిగ్రీలు వాలుగా, మెలికలు తిరుగుతూ వెళ్లాలి. ఇదే ట్యాకింగ్. విసురు తగిలినప్పుడు తెరచాప తాడు వదలాలి, లేదా గాలి వచ్చే వైపు అంచు మీద ఒళ్లంతా వెనక్కి వాల్చి పడవను నిలబెట్టాలి. సంక్రాంతికి పాతబస్తీ మేడల మీద పతంగి ఎగరేసే పిల్లల వేళ్లకు ఈ ఒడుపు కొత్తదేమీ కాదు. ఎప్పుడు ఢీల్ ఇచ్చి దారం వదలాలో, ఎప్పుడు లాగాలో వాళ్లకు తెలుసు.

విండ్‌సర్ఫింగ్‌లో చుక్కాని కూడా ఉండదు. నీటి మీద తేలే పలకపై నిలబడి, ఎటైనా వంగే కీలుతో బిగించిన తెరచాప కొయ్యను ముందుకు వంచితే పలక గాలికి దూరంగా తిరుగుతుంది, వెనక్కి వంచితే గాలి వైపు తిరుగుతుంది. 1984లో ఒలింపిక్స్‌లోకి వచ్చిన ఈ క్రీడలో, 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన దేశానికి చెందిన ఎబాద్ అలీ కాంస్యం గెలిచాడు. అవే క్రీడల్లో 470 అనే తరగతి పడవ మీద భారత్ తరఫున పోటీపడిన ప్రీతి కొంగర ఓనమాలు దిద్దింది హుస్సేన్ సాగర్‌లోనే, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌లో. సుహేమ్ షేక్ స్థాపించిన ఆ క్లబ్ పేదింటి పిల్లలను వెతికి తెచ్చి, ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవల్లో శిక్షణ ఇస్తోంది.

ఆప్టిమిస్ట్‌లో పిల్లవాడు ఒంటరిగా కూర్చుంటాడు. తాడు, చుక్కాని, నిర్ణయం అన్నీ అతనివే. పడవ తిరగబడితే తనే నిలబెట్టుకుని మళ్లీ ఎక్కాలి. పదేళ్ల వయసులో అంత బాధ్యతను నమ్మి చేతికిచ్చే చదువు ఎంతో అరుదు. దానికి కావలసిందల్లా శుభ్రమైన నీరు, అడ్డులేని గాలి. కూకట్‌పల్లి నాలా మురుగు హుస్సేన్ సాగర్‌లో కలవకుండా ఆపాలి. 21 కమానుల కట్టతో పాతబస్తీ అంచున ఉన్న మీర్ ఆలం చెరువును గుర్రపుడెక్క నుంచి కాపాడాలి. చెరువులు బాగుంటే ఈ విద్య పాతబస్తీ పిల్లల ఇంటి ముంగిటికే వస్తుంది. పతంగితో గాలిని గెలిచిన ఆ చేతులకు తెరచాప తాడు అందించడం మన బాధ్యత.